గ్రాముకో మార్కు

అడిగిందానికే జవాబు చెప్పాలి, అడగనిది ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. సువర్చల టీచరు తన పిల్లలకు ఎక్కాల కంటే ముందు నేర్పే పాఠం ఇది. గోదావరి లంకల్లో ఉన్న ఆ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరిన నాటి నుంచీ ఆవిడ ఈ మాట చెబుతూనే ఉంది. నాలుగు వరసల్లో తేలిపోయే లెక్కను నాలుగు పేజీలకు సాగదీసే వాణ్ణి చూస్తే ఆవిడకు ఒళ్లు మండుకొచ్చేది. "ఏరా, లెక్క చేస్తున్నావా, హరికథ చెబుతున్నావా?" అని చెవి మెలేసేది.

ఆ పాఠాన్ని అందరికంటే బాగా ఒంటబట్టించుకున్న పిల్ల నూకరత్నం. పదో తరగతి. పేరడిగితే పేరు చెబుతుంది. ఇంటిపేరు అడగలేదు కదా, అది చెప్పదు. లెక్కల్లో మాత్రం గట్టి పిండం. తల్లి నాగమణి రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి వెళుతుంది. పొద్దస్తమానం ఐసు నీళ్లలో చేతులు పెట్టి పెట్టి ఆమె వేళ్లు ఎప్పుడు చూసినా నాని, పాలిపోయి ఉంటాయి.

పరీక్షలకు ముందు ఒకరోజు నాగమణి కూతుర్ని వెంటబెట్టుకుని బడికొచ్చింది.

"మంచి మార్కులొస్తే గవర్నమెంటు హాస్టలు కాలేజీలో సీటిత్తారంట కదండీ. అన్నీ ఆళ్లే పెడతారంట. అది వస్తే సరేనండి. రాపోతే మాత్రం నాతోపాటు షెడ్డుకేనండి. మేస్త్రీకి చెప్పుంచాను."

"రాకపోవడమేంటి నాగమణీ, ఏం మాటలవి? లెక్కల్లో దీనికి వందకి వంద రాకపోతే నేను పేరు మార్చుకుంటాను, చూస్తూ ఉండు" అంది సువర్చల. నూకరత్నం పక్కనే నిలబడి వింది. తనను ఏమీ అడగలేదు కాబట్టి ఏమీ అనలేదు.

పరీక్ష రోజున ఆ పిల్ల అందరికంటే ముందు హాల్లోంచి బయటకొచ్చింది. ఒక్క అడిషనల్ షీటు కూడా తీసుకోలేదట. అన్ని లెక్కలూ ఇచ్చిన బుక్‌లెట్‌లోనే సరిపెట్టేసిందట. శభాష్ అని వీపు తట్టింది టీచరు. పాపం, ఆవిడకేం తెలుసు!

*

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. అంతకు ముందు ఏడు ఒక పత్రికవాడు తిన్నగా ఉండకుండా, ఒకే జవాబుపత్రాన్ని ఇద్దరు మాస్టార్ల చేత దిద్దించాడు. ఒకాయన డెబ్భై రెండు వేశాడు. రెండో ఆయన ముప్పయ్యొకటి వేశాడు. అది మొదటి పేజీలో అచ్చయింది. గవర్నమెంటు పరువు గంగలో కలిసింది. ఇంకేముంది, ఆగమేఘాల మీద ఒక సంస్థ పుట్టింది. రాష్ట్ర విద్యా కొలమానాల పీఠం అని దాని పేరు. దానికి డైరెక్టరు డాక్టర్ ఉప్పులూరి శరభేశ్వరరావు గారు. ఆయన కొలతల మీద డాక్టరేటు చేశారు. వేటిని కొలిచే కొలతలు అని ఎవరూ అడగలేదు.

వేసవిలో జిల్లా కేంద్రంలో స్పాట్ వాల్యుయేషన్ పెట్టారు. జిల్లాలోని మాస్టార్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి పేపర్లు దిద్దించే జాతర అది. సువర్చల ఎర్ర పెన్నులు రెండు కొత్తవి కొనుక్కుని వెళ్లింది. తీరా చూస్తే ప్రతి బల్ల మీదా ఒక కరెంటు తక్కెడ ఉంది, స్వీటు షాపులో మిఠాయి తూచేలాంటిది. పక్క కుర్చీలో వాళ్ల బడి సోషల్ మాస్టారు పట్టాభి గారు కూర్చుని, "ఏవండోయ్, ఈసారి టిఫిన్ కూడా తూచి పెడతారేమోనండీ" అని నవ్వారు.

డైరెక్టరు గారు స్వయంగా వచ్చి మైకు పుచ్చుకున్నారు.

"ఉపాధ్యాయ మిత్రులారా! మూల్యాంకన ప్రక్రియయందు మానవ ప్రమేయమే సకల దోషాలకూ మూలకారణమని మా పీఠం శాస్త్రీయంగా నిర్ధారించింది. గత దశాబ్ద కాలపు జవాబుపత్రాలను మేము కూలంకషంగా పరిశీలించాము. అడిషనల్ షీట్లకూ, లభించిన మార్కులకూ నడుమ అత్యున్నత స్థాయి సహసంబంధం గోచరించింది. అనగా, ఎక్కువ షీట్లు కట్టిన విద్యార్థికి మీరే ఎక్కువ మార్కులు వేశారు. కాదనగలరా?"

ఎవరూ కాదనలేకపోయారు. పట్టాభి మాస్టారైతే సర్వీసంతా పేపర్లను జానతో కొలిచి మార్కులేసిన మనిషి. సిగ్గుపడాల్సింది పోయి లేచి నిలబడి డైరెక్టరు గారికి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు.

"కావున ఈ సంవత్సరం నుంచి జవాబుపత్రాలను చదవనవసరం లేదు. తూచిన చాలును. గ్రాముకు ఒక మార్కు. వంద దాటినచో వంద. ఒకే పత్రాన్ని పదిసార్లు తూచండి, పది మంది తూచండి, అవే మార్కులు! ఇంతటి నిలకడ గల పరీక్ష ప్రపంచంలో మరెక్కడా లేదని సవినయంగా మనవి చేస్తున్నాను."

చప్పట్లు మోగాయి. సువర్చల లేచింది. ఆవిడ లేస్తుందని తెలిసి పట్టాభి మాస్టారు ఆవిడ చీర కొంగు పట్టుకుని లాగబోయి, బాగుండదని మానేశారు.

"నిలకడ సరేనండీ. ఇంతకీ మనం కొలుస్తున్నది పిల్లలకి లెక్కలొచ్చా రాదా అనా, కాయితం బరువెంత అనా?"

డైరెక్టరు గారు జాలిగా చూశారు. "అమ్మా, కొలత స్థిరంగా ఉన్నదా లేదా అన్నదే శాస్త్రం. దేనిని కొలుస్తున్నామన్నది పాలనాపరమైన అంశం."

"ఎక్కువ రాసినవాళ్లకి ఎక్కువ మార్కులొచ్చిన మాట నిజమే సార్. పిల్లలు పొడుగైన కొద్దీ పై క్లాసుల్లో ఉంటారు, అదీ నిజమే. అలాగని టేపు పెట్టి ఎత్తు కొలిచి పై క్లాసుకి పంపిస్తామా?"

హాలు గొల్లుమంది. డైరెక్టరు గారు నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నారు. "మంచి సూచన. మీ పేరేమిటమ్మా?"

ఆ తర్వాత అటెండర్లు బల్లబల్లకీ వచ్చి ఎర్ర పెన్నులన్నీ పోగుచేసి పట్టుకుపోయారు. సువర్చల ఒకటిచ్చి, రెండోది సంచిలో అడుక్కి తోసేసింది.

*

ఇహ చూడాలి ఆ తూకాల సంబరం! గాలికి తక్కెడ ముల్లు, అదే అంకె, ఊగిసలాడుతోందని ఫ్యాన్లు ఆపేశారు. మే నెల, పైన రేకులు. మాస్టార్ల చెమట టపటపా పేపర్ల మీద పడుతోంది. దానికో సర్క్యులర్ వచ్చింది: "మూల్యాంకకుల స్వేదమును విద్యార్థి ప్రతిభగా పరిగణించరాదు." కోస్తా గాలికి అక్కడి కాయితాలు చెమ్మగిల్లి బరువెక్కి మా పిల్లలకు అన్యాయం జరుగుతోందని సీమ జిల్లాలవాళ్లు గోల చేశారు. సరే అని పేపర్లన్నిటినీ తూచేముందు డాబా మీద వడియాల్లా ఎండబెట్టారు. కాకులను తోలడానికి డ్రిల్లు మాస్టారును వేశారు.

ఇంకో నిబంధన ఏమిటంటే, జవాబుపత్రంలోని ఏ వస్తువునూ వేరుచేయరాదు. పిల్లలు భక్తికొద్దీ పేపర్లో పెట్టిన కుంకుమ పొట్లాలు, పువ్వులు, దేవుడి పటాలు అన్నీ కలిపే తూకం వేశారు. ఒకడు తాయెత్తే కట్టాడు. దాంతో వాడు ఫస్టు క్లాసులోకి వెళ్లిపోయాడు.

సువర్చలకు చేతులాగలేదు. ఒక పేపరు ఏదో ముచ్చటగా కనిపిస్తే మొదటి పేజీ తిప్పి చూసింది. అంతే, క్యాంపు ఆఫీసరు పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్! ఏంటది? చదువుతున్నారా?"

"అలవాటు కొద్దీ సార్..."

"ఎంత పని చేశారు మేడమ్! మీరొక్కరు చదివితే క్యాంపు క్యాంపంతా రద్దయిపోద్ది!"

సాయంత్రానికి మెమో చేతికొచ్చింది. "మూల్యాంకన కేంద్రమునందు విధి నిర్వహణలో ఉండగా జవాబుపత్రమును చదువుచూ పట్టుబడినందున, మీపై ఏల చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలసినది." పట్టాభి మాస్టారు అది చదివి నోరు చప్పరించారు. "మీకెందుకండీ ఈ చదువు గొడవ? హాయిగా తూచుకోక!" అన్నారు. ఆయన ఆ రోజు అందరికంటే ఎక్కువ పేపర్లు తూచి, శాలువా కప్పించుకున్నారు.

*

ఫలితాలొచ్చాయి. నూకరత్నం అన్నిట్లోనూ తప్పింది. లెక్కల్లో ఇరవై తొమ్మిది. ఉత్త బుక్‌లెట్ బరువు ఇరవై తొమ్మిది గ్రాములు మరి. ముప్పయ్యైదు దాటితేనే పాసు. అదే గదిలో పరీక్ష రాసిన సూరిబాబు మొదటి గంట నుంచి చివరి గంట దాకా బుక్‌లెట్ మీద తలపెట్టి గురకపెట్టి నిద్రపోయాడు. వాళ్లమ్మ అందులో పెట్టిన కుంకుమ పొట్లం, దాంతోపాటు అంటుకుపోయిన పులిహోర పుణ్యమా అని వాడికి ముప్పయ్యారు వచ్చింది.

నాగమణి బడికొచ్చి గుమ్మంలో నిలబడింది. ఏడవలేదు, అరవలేదు. "పోనీలెండి టీచర్ గారూ, మీరేం చేత్తారు! సోమవారం నుంచి షెడ్డుకి తీసుకుపోతాను" అంది. నూకరత్నం నేల చూపులు చూస్తోంది. సువర్చలకు ఆ పిల్ల ముఖం చూసే ధైర్యం లేకపోయింది. క్లుప్తంగా రాయమని నేర్పింది ఎవరు? తనే కదా. తన నోటితో తనే పిల్లకి గొయ్యి తీసినట్టయింది.

"ఆగు నాగమణీ. సోమవారం ఎక్కడికీ తీసుకెళ్లకు. నేను పీఠానికి వెళ్లొస్తాను."

పీఠంలో ఇలాంటి గోడు వినడానికే ఒక విభాగం ఉంది. బయట చెల్లుబాటు విభాగం అని బోర్డు కూడా ఉంది. బోర్డు చూసి సువర్చలకు ప్రాణం లేచొచ్చింది. పరీక్ష అది కొలవాల్సిందాన్నే కొలుస్తోందా లేదా అని చూడటానికి ఒక విభాగమే పెట్టారంటే, వీళ్లలో ఎవరికో బుర్ర ఉందన్నమాటే అనుకుంది. లోపల సూపరింటెండెంటు గారు వక్కపొడి నములుతూ ఆవిడ చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. విని, నూకరత్నం పేపరు తెప్పించారు. తూచారు. ఇరవై తొమ్మిది. దించి మళ్లీ తూచారు. ఇరవై తొమ్మిది. తక్కెడ మార్చి తూచారు.

"చూశారుగా మేడమ్? సూర్యుడు అటు పొడిచినా మారదు. ఎవరికీ అన్యాయం జరగదిక్కడ."

"తూకం తప్పని నేననలేదండీ. ఆ తూకం చూసి పిల్లకి లెక్కలు రావంటున్నారు, అదీ నా బాధ. ఒక్కసారి ఆ పేపరు తెరిచి చూడండి. పోనీ నన్ను చూడనివ్వండి."

సూపరింటెండెంటు గారు ఉలిక్కిపడి పేపరు మీద అరచెయ్యి పెట్టేశారు. "చదవడం నిషిద్ధం మేడమ్! మీ మీద ఆల్రెడీ ఒక మెమో ఉన్నట్టుందే?"

"మరి ఈ పరీక్ష చెల్లుతుందని ఎవరు తేల్చారు?"

"మేమే" అన్నారాయన గర్వంగా. తక్కెడను పసిపిల్లను ఎత్తినట్టు జాగ్రత్తగా ఎత్తి, బోర్లా తిప్పి చూపించారు. "ఇదిగో, తూనికల శాఖవారి ముద్ర. వచ్చే మార్చి దాకా చెల్లుబాటు. రాష్ట్రంలో ఉన్న తక్కెడలన్నిటికీ వేయించాం. ఒక్కటి వదల్లేదు."

"తక్కెడ చెల్లుతుంది బాబూ. పరీక్ష సంగతి అడుగుతున్నాను నేను."

"పరీక్ష తక్కెడ మీదే కదమ్మా జరిగేది?"

ఇహ ఆ మనిషితో మాట్లాడి లాభం లేదని సువర్చల డైరెక్టరు గారి గదిలోకి దూసుకెళ్లింది. ఆయన ఆవిణ్ణి గుర్తుపట్టి కుర్చీలోంచి లేచారు.

"రండి, రండి! మీ సూచన అమలుపరిచాం. ఒకటి నుంచి అయిదు తరగతుల వరకు ఇక ఎత్తును బట్టే ప్రమోషన్. అద్భుతమైన స్పందన వస్తోంది. ఎత్తు మడమల చెప్పులు మాత్రం నిషేధించవలసి వచ్చింది."

సువర్చల ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడింది. తేరుకుని నూకరత్నం సంగతి చెప్పింది. డైరెక్టరు గారు చాలా బాధపడ్డారు.

"మీ విద్యార్థిని ప్రతిభను మేము శంకించటం లేదు. ఆమె తక్కువ బరువుతో రాసింది, అంతే. సప్లిమెంటరీ ఉన్నది కదా. ఈసారి కొంచెం పుష్టిగా రాయమనండి."

*

సప్లిమెంటరీ నాటికి రాష్ట్రం మొత్తం తెలివిమీరిపోయింది. కోచింగు సెంటర్లవాళ్లు ఊరూరా ఫ్లెక్సీలు కట్టారు. వాటి మీద పిల్లల ఫొటోల కింద ర్యాంకుల బదులు గ్రాములు వేశారు. చిక్కటి ఇంకు పెన్నులొచ్చాయి. గట్టిగా రాయడానికి మణికట్టు కసరత్తులు నేర్పే మాస్టార్లొచ్చారు. లెక్కల మాస్టార్లకు పని పోయింది.

వెనకటికి పిల్లలు చూసి రాయడానికి చిట్టీలు పట్టుకెళ్లేవాళ్లు. ఇప్పుడు పేపర్లో కలిపి కుట్టేయడానికి పట్టుకెళుతున్నారు. స్క్వాడ్ వాళ్లు వచ్చి ఒకణ్ణి పట్టుకుంటే, వాడు పక్కవాడి పేపరు మక్కీకి మక్కీ దింపుతున్నాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వాడి అట్ట కింద ఇంకో అట్ట అంటించి ఉందని కేసు రాశారు.

ఈలోగా పీఠం నుంచి మరో సర్క్యులర్ దిగింది. హెడ్మాస్టరు స్టాఫ్ రూములో దాన్ని పైకి చదివారు.

"ప్రశ్నపత్రము మార్కులపై ఎట్టి ప్రభావమునూ చూపుటలేదని మా అధ్యయనమునందు తేలినందున, ప్రజాధనము వృథా కాకుండుటకై సదరు ప్రశ్నపత్రముల ముద్రణ నిలిపివేయడమైనది. విద్యార్థులు తమకు తోచినది వ్రాయవచ్చును. అడిషనల్ షీట్లు అడిగినవారికి అడిగినన్ని ఇవ్వవలెను."

"ప్రశ్నలు లేని పరీక్షా?" అంది సువర్చల.

"లీకయ్యే బాధ లేదు కదండీ" అన్నారు పట్టాభి మాస్టారు సంతోషంగా.

పరీక్ష ముందు రోజు సాయంత్రం సువర్చల నూకరత్నాన్ని వరండాలో కూర్చోబెట్టింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు చీపురు పుల్ల విరుస్తూ కూర్చుంది.

"ఈసారి అడిషనల్ షీట్లు తీసుకోవే."

"ఎన్నండీ?"

"వంద గ్రాములయ్యేదాకా. అన్ని పరీక్షలకీ అంతే."

"అలాగేనండి." మళ్లీ అడిగింది. "ఏం రాయాలండీ?"

సువర్చల తల తిప్పేసుకుంది. ఏం రాయమని చెబుతుంది? హరికథ రాయమంటుందా? చేసిన లెక్కనే పదేపదే చేయమంటుందా? ఈ పిల్ల ముందు ఆ మాట అనడానికి ఆవిడకు సిగ్గేసింది, చెప్పలేనంత సిగ్గేసింది.

"నీ ఇష్టం తల్లీ" అంది చివరికి.

మర్నాడు నూకరత్నం మళ్లీ అందరికంటే ముందే బయటకొచ్చింది. "ఎలా అయ్యింది?" అని అడిగింది టీచరు. "అయ్యిందండి" అంది పిల్ల.

*

సప్లిమెంటరీలో నూకరత్నానికి వందకి వంద. ఒక్క లెక్కల్లోనే కాదు, అన్నిట్లోనూ వందే. రాష్ట్రానికి ఫస్టు.

ఇంకేముంది! డైరెక్టరు గారు రెండు కార్లతో, టీవీవాళ్లతో బడికి ఊరేగి వచ్చారు. అరుగు మీద షామియానా వేశారు. బల్ల మీద నూకరత్నం లెక్కల పేపర్లు రెండూ పక్కపక్కన పెట్టారు. సన్నటిదాని ముందు ఇరవై తొమ్మిది అని, లావుపాటిదాని ముందు వంద అని అట్టలు నిలబెట్టారు. సన్నసన్నగా ఉన్నవాడు లేహ్యం తిని లావైన ప్రకటనలా ఉంది చూడటానికి. నాగమణి షెడ్డులో సెలవు పెట్టి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

"ఒక్క నెలలో ఇరవై తొమ్మిది నుంచి వందకు! మా కొలమానం విద్యార్థులలో నిద్రాణమై ఉన్న మేధస్సును ఎట్లు వెలికితీయునో చెప్పుటకు ఇంతకన్నా నిదర్శనమేల?" అన్నారు డైరెక్టరు గారు. మైకు నూకరత్నం మూతి దగ్గర పెట్టారు. "చెప్పమ్మా, ఏం రాశావు?"

"ఏమీ రాయలేదండి."

అందరూ నవ్వారు. వినయం గల పిల్ల అనుకున్నారు. టీవీ అబ్బాయి కెమెరా దగ్గరకు తెచ్చి, "ఒకసారి ఆ బండిల్ ఓపెన్ చేయండి సార్" అన్నాడు. ఉత్సాహంలో ఉన్న డైరెక్టరు గారు తానే దారం తెంచి పేజీ తిప్పారు. తెల్లగా ఉంది. మరొకటి తిప్పారు. అదీ తెల్లగానే ఉంది. గబగబా చివరిదాకా తిప్పేశారు. అట్ట మీద హాల్ టికెట్ నంబరు, ప్రతి షీటు మీదా ఇన్విజిలేటరు సంతకం తప్ప ఎక్కడా సిరా చుక్క లేదు.



"ఇదేమిటమ్మా? ఎందుకు రాయలేదు?" అన్నారు ఆయన.

"అడిగిందానికే జవాబు రాయాలని మా టీచర్ గారు చెప్పారండి. ఏమీ అడగలేదు కదండీ."

సువర్చలకు నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. అయితే ముందు వరసలో నాగమణి ముఖం పాలిపోవడం చూసి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఆ పిల్ల సీటు ఇప్పుడు ఈయన నోట్లో ఉంది. ఆవిడ లేచి నిలబడింది.

"రద్దు చేస్తారా సార్?"

"ఇది... ఇందులో ఏమీ లేదు కదమ్మా!"

"ఏమీ లేదని మీకెలా తెలిసిందండీ? చూస్తే తెలిసింది. చూస్తే అది మానవ ప్రమేయం. నేను ఒక్క పేజీ తిప్పినందుకు మెమో ఇచ్చారు. మీరు బండిలంతా తిప్పారు, అదీ టీవీ ముందు. ఇవాళ ఈ పేపరు విప్పి చూసి రద్దు చేస్తే, రేపు రాష్ట్రంలో ఉన్న పేపర్లన్నీ విప్పి చూడమంటారు. పోనీ, తూకంలో ఏమైనా తేడా ఉందేమో మళ్లీ తూచండి."

తూచారు. నూరు. చెల్లుబాటు విభాగం సూపరింటెండెంటు గారు తక్కెడ బోర్లించి ముద్ర కూడా చూశారు.

డైరెక్టరు గారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. అంతటి మనిషి ఊరికే డైరెక్టరు అవుతారా? మైకు సర్దుకుని మళ్లీ అందుకున్నారు. "మిత్రులారా! సిరా యొక్క సహాయం సైతం లేకుండా, కేవలం కాగితంతో నూరు గ్రాములు! విషయ పరిజ్ఞానమనే మలినం ఏమాత్రం సోకని ఇంతటి స్వచ్ఛమైన కొలత నేటివరకు సాధ్యపడలేదు. ఈ బాలిక మాకు దారి చూపింది." పట్టాభి మాస్టారు ముందుగా చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. వచ్చే ఏడు నుంచి పరీక్ష హాల్లోకి పెన్నులు అనుమతించరని ఆ వారంలోనే సర్క్యులర్ వచ్చింది.

"అయితే సీటొచ్చినట్టేనాండీ?" అని నాగమణి ఇద్దరు ముగ్గుర్ని అడిగి, వచ్చినట్టేనని రూఢి చేసుకుని, అప్పుడు ఏడ్చింది. షెడ్డు మేస్త్రీకి ఇహ పిల్ల రాదని చెప్పడానికి ఆ కళ్లతోనే వెళ్లింది.

*

కార్లు వెళ్లిపోయాయి. షామియానా విప్పుతున్నారు. బల్ల మీద పేపర్లు రెండూ అలాగే వదిలేసి పోయారు. తూచడం అయిపోయాక వాళ్లకవెందుకు? నూకరత్నం అరుగు మెట్టు మీద కూర్చుని ఉంది. సువర్చల వెళ్లి పక్కన కూర్చుంది.

"ఎంత పని చేశావే! నా గుండె ఆగిపోయిందనుకో. ఒక్క లెక్కైనా రాసుండాల్సింది కదే!"

"మొదటిసారి అన్నీ రాశానండి" అంది నూకరత్నం. "ఎవరూ చూడలేదు కదండీ."

పిల్ల గొంతులో కోపం లేదు. అదే సువర్చలకు భరించరానిదైంది. లేచి వెళ్లి బల్ల మీదున్న సన్నటి పేపరు తెచ్చింది. సంచి అడుగున చెయ్యిపెట్టి వెతికి, క్యాంపులో దాచుకున్న ఎర్ర పెన్ను తీసింది. మొదటి పేజీ తిప్పి చదవడం మొదలుపెట్టింది.

చిన్న చిన్న అక్షరాలు. ఎక్కడా కొట్టివేత లేదు. ఒక్కో లెక్కా చదివి, ఒక్కో టిక్కు పెడుతోంది. నూకరత్నం మెడ సాచి ఆ పెన్ను వెంటే చూస్తోంది. ఒకచోట పెన్ను ఆగింది. సువర్చల వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. ఒక వరసలో మైనస్ గుర్తు జారిపోయింది. అక్కడ సున్నా చుట్టి, రెండు మార్కులు తగ్గించి, చివర మొత్తం వేసింది: తొంభై ఎనిమిది.

నూకరత్నం పేపరు లాక్కుని ఆ సున్నా చుట్టిన చోటు చూసుకుంది. వేలితో తడిమి చూసుకుంది. ముఖమంతా విప్పారింది. మార్కులు తగ్గినందుకు అంత సంబరపడిన పిల్లను సువర్చల తన సర్వీసులో చూడలేదు.

"టీచర్ గారూ!" అంది నూకరత్నం, ఎవరూ ఏమీ అడక్కుండానే. "వందకి వంద రాలేదు కదండీ. పేరు మార్చుకోవాలండి మీరు."